కంప్యూటర్ ముచ్చట్లు: ఒకే షెడ్డు, మూడు సాంచాలు



గత సంచికలో సర్వర్ అంటే ఏమిటో చెప్పుకున్నాం. అది గాలిలో తేలే వస్తువేమీ కాదనీ, ఎక్కడో ఒక గదిలో రాత్రింబవళ్లు నడుస్తూ ఉండే కంప్యూటరేననీ, అడిగినవారికి అడిగింది అందించడమే దాని పని అనీ అనుకున్నాం. అది చదివి బరంపురం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి మండలి వారు గ్రంథాలయం పుస్తకాల పట్టికకు ఒకటి, పిల్లల తెలుగు తరగతులకు ఒకటి, సభ్యత్వ రుసుముల లెక్కకు ఒకటి చొప్పున మూడు వెబ్ అప్లికేషన్లు చేయించుకున్నారట. "మూడింటికీ మూడు సర్వర్లు అద్దెకు తీసుకోవాలా, లేక ఒకదాంట్లోనే సర్దుకోవచ్చా? డబ్బు సంగతి మీకు తెలియనిది కాదు కదా" అని అడిగారు.

అమ్మా, ఒక్క ముక్కలో చెప్పాలంటే యంత్రం ఒకటి చాలు. కానీ ఆ యంత్రంలో కుంపట్లు మాత్రం వేరు వేరుగా ఉండాలి. ఈ ముక్క నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు, చేతులు కాలాక నేర్చుకున్నది. అందుకని ఈసారి ఆ కథే చెబుతాను. తప్పు నాదే కాబట్టి ఎవరినీ నొప్పించకుండా చెప్పే వీలు కూడా ఉంది.

ఏమి జరిగింది?

షోలాపూర్‌లో మా సంఘానికి కూడా మూడు అప్లికేషన్లే ఉన్నాయి. మొదటిది సభ్యుల చిరునామాల పుస్తకం. రెండోది పేద విద్యార్థుల వేతనాల దరఖాస్తు. మూడోది వధూవరుల పరిచయ పట్టిక. మూడూ జావా భాషలో రాసినవే. నెల అద్దెకు 4 జీబీ మెమొరీ ఉన్న యంత్రం ఒకటి తీసుకుని, దాని మీద టామ్‌క్యాట్ అనే సర్వర్ ప్రోగ్రామును ఒక్కదాన్నే నడిపించి, మూడు అప్లికేషన్లనూ అందులోనే పెట్టాను. ఒక్కటైతే చూసుకోవడం సులువు అనుకున్నాను. ఏడాదిన్నర పాటు ఏ పేచీ లేకుండా నడిచింది కూడా. అందరూ మెచ్చుకుంటే నేనూ కొంచెం పొంగిపోయాను.

2023 జూలై నెలాఖరులో వచ్చింది అసలు పరీక్ష. ఆ రోజు విద్యార్థి వేతనాల దరఖాస్తుకు ఆఖరి గడువు. ఆ వారాంతంలోనే వధూవరుల సమ్మేళనం. సాయంత్రం ఆరు దాటాక పనుల నుంచి ఇళ్లు చేరినవారంతా ఫోన్లు తీసి పిల్లల ఫొటోలు పట్టికలోకి ఎక్కించడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. 12 మెగాపిక్సెల్ ఫొటో ఫోనులో నాలుగైదు ఎంబీ ఉన్నట్టు కనిపిస్తుంది. అది మూట కట్టి ఉన్నప్పటి సైజు. ఆ ఫొటోను చిన్నది చేసి పట్టికలో పెట్టాలంటే ప్రోగ్రాము ముందు ఆ మూట విప్పాలి. విప్పితే కోటీ ఇరవై లక్షల చుక్కలు. చుక్కకు 4 బైట్ల చొప్పున దాదాపు 48 ఎంబీ. ఇరవై మంది ఒకేసారి ఎక్కిస్తే 960 ఎంబీ. మరి జావాకు మనం హద్దు ఏమీ చెప్పకపోతే యంత్రం మెమొరీలో నాలుగో వంతును తన హద్దుగా పెట్టుకుంటుంది. మా యంత్రంలో అది 1 జీబీ. తక్కిన రెండు అప్లికేషన్లు తినేది కూడా ఆ 1 జీబీలో నుంచే. లెక్క ఎక్కడికి పోయిందో మీకు అర్థమై ఉంటుంది.

మెమొరీ నిండిపోయింది. ఖాళీ ఎక్కడ దొరుకుతుందా అని జావా తన చెత్త తానే ఏరుకుంటూ, ఆ పనిలోనే కాలమంతా గడిపి, చివరికి "అవుట్ ఆఫ్ మెమొరీ" అని చేతులెత్తేసింది. ఫొటోలు ఎక్కిస్తున్నవారికే కాదు, వేతనాల దరఖాస్తు నింపుతున్న పిల్లలకూ తెల్లటి పేజీయే వచ్చింది. నేను పుణె నుంచి వచ్చే రైల్లో ఉన్నాను. ఫోనుకు సిగ్నల్ వచ్చి, విషయం తెలిసి, టామ్‌క్యాట్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టేసరికి రాత్రి పది దాటింది. అర్ధరాత్రి దాకా గడువుంది, ఇంకా రెండు గంటలు మిగిలాయి, పరవాలేదు అనుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సంఘం కార్యాలయానికి ఒక అమ్మాయి తల్లితో వచ్చింది. తల్లి బీడీలు చుట్టి ఇల్లు నడుపుతుంది. అమ్మాయి చేతిలో మార్కుల కాగితాలు, ఆదాయ ధ్రువపత్రం ఉన్నాయి.

"కాకా, నిన్న ఏడింటి నుంచి పది దాకా చూసినం. తెల్ల పేజీయే వచ్చింది. ఫోను మాది కాదు, పక్కింటన్నది. పదింటికి ఆయన డ్యూటీకి పోయిండు" అంది.

నేను మిగిలాయనుకున్న ఆ రెండు గంటలు ఆమెకు లేవు. ఆమె వద్ద ఫోను ఉన్నంత సేపూ నా సర్వర్ లేదు, నా సర్వర్ లేచేసరికి ఆమె వద్ద ఫోను లేదు. కార్యవర్గం వారు పెద్ద మనసుతో కాగితాల మీదనే దరఖాస్తు తీసుకున్నారు. ఆమె వచ్చి అడిగింది కాబట్టి సంగతి తెలిసింది. రాకుండా ఊరుకున్నవారు ఎందరో నాకు ఈనాటికీ తెలియదు. అప్లికేషన్ దాకా చేరని దరఖాస్తు లెక్క అప్లికేషన్‌లో ఉండదు.

టామ్‌క్యాట్ అంటే?

ముందుకు పోయే ముందు ఈ పేరు సంగతి చెప్పాలి. టామ్‌క్యాట్ అంటే గండుపిల్లి. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ అనే ఇంజనీరు దీన్ని మొదలుపెట్టారు. తన బాగు తాను చూసుకోగల జంతువు పేరు పెట్టాలని ఆయన అనుకున్నారట. 1999లో ఆ సంస్థ దీన్ని అపాచీ ఫౌండేషన్‌కు ఇచ్చేసింది. అప్పటి నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మీ ఫోను నుంచి వచ్చిన అడుగును అందుకుని, దాన్ని తగిన జావా ప్రోగ్రాముకు అప్పగించి, జవాబును తిరిగి మీకు చేర్చడం దీని పని. దాని లోపలి ఇంజనుకు కాటలినా అని పేరు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పేరుకు తన బాగు తాను చూసుకునే పిల్లే అయినా, ముగ్గురి బరువు ఒక్కదాని మీద పెడితే ఏ పిల్లి మాత్రం ఏం చేస్తుంది?

పెద్దబాపు షెడ్డు

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పడుకుని ఆలోచిస్తుంటే చిన్నప్పటి మా పెద్దబాపు షెడ్డు గుర్తుకొచ్చింది. పూర్వభాగ్‌లో పుట్టి పెరిగినవారికి ఆ చప్పుడు వేరే చెప్పనక్కరలేదు. పుస్తకాల్లో మరమగ్గాలు అంటారు. మా ఇళ్లలో సాంచాలే.

పెద్దబాపుకు నాలుగు సాంచాలు ఉండేవి. మొదట్లో నాలుగింటికీ కలిపి ఒకటే మోటారు. పైన కప్పు కింద పొడుగాటి ఇనుప షాఫ్టు తిరిగేది, దాని మీది నుంచి ఒక్కో సాంచెకు ఒక్కో బెల్టు దిగేది. ఒక సాంచె బిగుసుకుపోతే ఆ బరువు షాఫ్టు మీద పడి మిగతావి కూడా మందగించేవి. మోటారు కాలిందంటే నాలుగూ నిలిచిపోయేవి. నలుగురు మనుషులు చేతులు ముడుచుకుని మెకానిక్ కోసం ఎదురు చూస్తూ కూచునేవారు. నేసిన గజానికే కూలి కాబట్టి, నిలిచిన పూట కూలి లేదు.

ఒక దసరాకు పెద్దబాపు అప్పు చేసి ఆ షాఫ్టు పీకించి, నాలుగు సాంచాలకూ నాలుగు చిన్న మోటార్లు పెట్టించాడు. "ఒక్క మోటారు ఉండంగ నాలుగు ఎందుకు, కరెంటు బిల్లు ఎక్కువైతది" అని ఇంట్లో గొడవ. ఆయన ఒకటే మాట అన్నాడు:

"ఒక్క సాంచె పాడైతే ఒక్క సాంచె కూలే పోవాలె. నాలుగింటి కూలి పోవద్దు."

షెడ్డు అదే, కప్పు అదే, కరెంటు తీగ అదే. ఎవరి మోటారు వారిది, ఎవరి పడుగు వారిది. నేను చేయాల్సింది కూడా సరిగ్గా ఇదే అనిపించింది. ఒకే యంత్రం మీద ఒక టామ్‌క్యాట్ బదులు మూడు నడపాలి. కంప్యూటర్ వాళ్లు దీన్ని మూడు ఇన్‌స్టెన్సులు అంటారు. ఒక్కో ఇన్‌స్టెన్సు ఒక్కో వేరు జావా ప్రక్రియ. ఒకదాని మెమొరీ నిండితే అదే పడుతుంది, పక్కది నడుస్తూనే ఉంటుంది.

ఇల్లు ఒకటి, కాపురాలు మూడు

మర్నాడు ఉత్సాహంగా టామ్‌క్యాట్ ఫోల్డరును యథాతథంగా మూడు చోట్ల కాపీ చేయబోయాను. ఇదే రంగంలో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు చూసి ఆపింది.

"మామా, ఒక ఇంట్ల మూడు కాపురాలుంటే మూడు బావులు తవ్విస్తవా?" అంది.

ఆమె చెప్పింది ఇదీ. టామ్‌క్యాట్ ఫోల్డరు తెరిస్తే అందులో ముఖ్యంగా ఏడు అరలు కనిపిస్తాయి. బిన్, లిబ్ అనే రెండు అరల్లో ఉన్నది టామ్‌క్యాట్ ప్రోగ్రాము. అది అందరికీ ఒకటే, ఎవరూ మార్చరు. కాన్ఫ్, లాగ్స్, వెబ్‌యాప్స్, వర్క్, టెంప్ అనే ఐదూ ఎవరివి వారికి ఉండాల్సినవి. కాన్ఫ్‌లో ఏర్పాట్లు, లాగ్స్‌లో దినచర్య, వెబ్‌యాప్స్‌లో అసలు అప్లికేషన్, మిగతా రెండింటిలో పని జరిగేటప్పటి చిల్లర సామాను. టామ్‌క్యాట్ కట్టినవాళ్లే ఈ విభజనకు వీలు కల్పించారు. అందరికీ ఉమ్మడి అయిన ఇంటికి కాటలినా హోమ్ అనీ, ఒక్కొక్కరి కాపురానికి కాటలినా బేస్ అనీ పేర్లు. మొదలుపెట్టేటప్పుడు "ఇల్లు ఇది, ఈ కాపురం ఇది" అని ఈ రెండూ చెబితే చాలు. బేస్ ఏదో చెప్పకపోతే ఇల్లే కాపురం అనుకుంటుంది. నేను మొదట నడిపింది అలాగే.

ఉమ్మడి బావి వల్ల లాభం తరువాత తెలిసింది. టామ్‌క్యాట్‌లో ఏదైనా భద్రతా లోపం బయటపడి కొత్త కూర్పు వస్తే, ఇల్లు ఒక్కటి మారిస్తే సరిపోతుంది. మూడు కాపురాలనూ ఒకదాని తరువాత ఒకటి ఆపి లేపితే మూడూ కొత్త కూర్పు మీద నడుస్తాయి. మూడు కాపీలు పెట్టుకుంటే రెండు మార్చి మూడోది మరిచిపోతాం. ఆ మరిచిపోయిన దాంట్లోంచే దొంగ వస్తాడు.

మూడు కాపురాలకూ యంత్రంలో మూడు వేరు వేరు వాడుకరి పేర్లు పెట్టాం. దానివల్ల పరిచయ పట్టికలోకి ఎవరైనా దొంగదారిన దూరినా, వేతనాల వారి ఆదాయ పత్రాల అర తెరవడం అంత సులువు కాదు.

తలుపు నంబర్లు

ఒక యంత్రానికి చిరునామా ఒకటే అయినా లోపలికి తలుపులు చాలా ఉంటాయి. వాటినే పోర్టులు అంటారు. వాటి నంబర్లు 65535 దాకా పోతాయి. ఒక తలుపు దగ్గర ఒకరే కూచోవాలి. రెండోవాడు వచ్చి కూచోబోతే "ఈ చిరునామా ఇప్పటికే వాడుకలో ఉంది" అనే అర్థం వచ్చే తప్పు చూపించి యంత్రం ఒప్పుకోదు.

టామ్‌క్యాట్‌తో వచ్చే ఏర్పాట్లలో రెండు తలుపులు తెరిచి ఉంటాయి. 8080 నుంచి జనం వస్తారు. 8005 యజమాని తలుపు, ఆగిపొమ్మనే ఆజ్ఞ దాని నుంచి వస్తుంది. ఏజేపీ అనే మరో తలుపు 8009 ఉండేది. 2020లో దానిలో ఒక పెద్ద లోపం బయటపడ్డాక అప్పటి నుంచి వచ్చే కూర్పుల్లో దాన్ని మూసే ఉంచుతున్నారు. ఈ నంబర్లన్నీ కాన్ఫ్ అరలోని సర్వర్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలులో ఉంటాయి. ఏ రెండు కాపురాలకూ ఒకే నంబరు రాకూడదు. మేము ఇలా రాసుకున్నాం. సభ్యుల పుస్తకానికి 8081, 8006. వేతనాలకు 8082, 8007. పరిచయ పట్టికకు 8083, 8008.

రాసుకున్నది బాగానే ఉంది కానీ చేతి పని ఉంది చూశారూ! వేతనాల ఫైలునే కాపీ చేసి పరిచయానికి పెడుతూ, జనం తలుపును 8083గా మార్చి, యజమాని తలుపును మార్చడం మరిచాను. అది 8007గానే ఉండిపోయింది. పరిచయ పట్టిక లేచినట్టే లేచి పడిపోయింది. సరే, శుభ్రంగా ఆపి మళ్లీ మొదలుపెడదామని దానికి ఆగిపొమ్మని ఆజ్ఞ ఇచ్చాను. ఆజ్ఞ 8007కు పోయింది. అక్కడ కూచున్నది వేతనాల టామ్‌క్యాట్. పిలిస్తే పలికి, చెప్పినట్టు విని, నిమ్మళంగా ఆగిపోయింది! ఎవరికి హాని జరగకూడదని ఇంత ఏర్పాటు చేశానో దాన్నే నా చేత్తో ఆపాను. గడువు లేని రోజు కాబట్టి సరిపోయింది. తరువాత ఆ నంబరు ఉండవలసిన చోట మూడింటిలోనూ మైనస్ ఒకటి రాసి ఆ తలుపే లేకుండా చేశాం. ఆపడం, లేపడం ఆపరేటింగ్ సిస్టమ్‌కే అప్పగించాం. యంత్రం ఎప్పుడైనా పడి లేస్తే మూడింటినీ అదే లేపుతుంది.

జనానికి ఈ నంబర్లేవీ తెలియనక్కరలేదు. ముందు ద్వారం దగ్గర ఎంజిన్ఎక్స్ అనే మరో చిన్న ప్రోగ్రాము కాపలాదారులా కూచుంటుంది. వచ్చినవారు అడిగిన పేరు చూసి, వేతనాలైతే 8082కు, పరిచయమైతే 8083కు పంపుతుంది. ఆ లోపలి తలుపులు యంత్రం లోపలి నుంచి తప్ప బయటి నుంచి తెరుచుకోకుండా కట్టుదిట్టం చేశాం.

ఎవరి రేషను వారిది

మూడు మోటార్లు పెట్టాం సరే. కరెంటు ఎవరెంత వాడాలో చెప్పకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. మూడు టామ్‌క్యాట్లకూ హద్దు చెప్పకుండా వదిలితే ఒక్కొక్కటీ నాలుగో వంతు, అంటే 1 జీబీ దాకా తినవచ్చు అనుకుంటుంది. అదీ హీపు అనే ఒక భాగం మాత్రమే. పైన ప్రతి జావా ప్రక్రియకూ వేరే ఖర్చులు ఉంటాయి. డేటాబేసుకూ, ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మిగిలేది బూడిదే. అందుకని హీపు హద్దులు ఇలా పెట్టాం. సభ్యుల పుస్తకానికి 512 ఎంబీ, వేతనాలకు 640, పరిచయానికి 512. మొత్తం 1664. 4 జీబీలో సగం కంటే తక్కువ. మిగతాది తక్కిన ఖర్చులకు.

ఈ పని స్వయంగా చేసే పిల్లలకు ఒక సూచన. ఈ హద్దులను ఒక్కో కాపురపు బిన్ అరలో సెట్‌ఎన్వ్ అనే చిన్న ఫైలు పెట్టి అందులో రాయాలి. కాటలినా ఆప్ట్స్ అనే పేరు మీదనే రాయండి. జావా ఆప్ట్స్ అనే మరో పేరు కూడా ఉంది కానీ, దాని మీద రాస్తే ఆపే ఆజ్ఞకు కూడా అదే హద్దు వర్తిస్తుంది. చెంబెడు నీళ్లకు బండెడు ఎడ్లు కట్టినట్టు ఉంటుంది.

గోడ కట్టాం కదా అని మంటను వదిలేయకూడదు. ఫొటోల ప్రోగ్రామును కూడా సరిచేశాం. ఎందరు వచ్చినా ఒకేసారి నాలుగు మూటలకు మించి విప్పదు. నాలుగు నలభై ఎనిమిదులు 192. మిగతావారు కాసేపు వరుసలో నిలబడతారు. తప్పు దిద్దడం, తప్పు పక్కింటికి పాకకుండా చూడడం రెండూ వేరు పనులు. ఒకటి చేస్తే రెండోది చేసినట్టు కాదు.

కుకీల తగాదా

అంతా సిద్ధమయ్యాక, ముందు ద్వారం ఇంకా కట్టకుండా నంబర్లతోనే పరీక్షిస్తున్నాం. మేనకోడలు సభ్యుల పుస్తకంలోకి లాగిన్ అయి, తరువాత వేతనాల్లోకి లాగిన్ అయి, తిరిగి మొదటి దానికి వస్తే "మీరెవరు?" అంది. మళ్లీ లాగిన్ అయితే ఈసారి రెండోది మరిచిపోయింది. మూడు గంటలు తల బద్దలు కొట్టుకున్నాం.

కారణం ఇది. మనం లాగిన్ కాగానే టామ్‌క్యాట్ మన బ్రౌజరు చేతికి ఒక టోకెన్ ఇస్తుంది. దాన్ని కుకీ అంటారు. మళ్లీ వచ్చినప్పుడు ఆ టోకెన్ చూసి గుర్తుపడుతుంది. ఏ టామ్‌క్యాట్ అయినా మామూలుగా ఆ టోకెన్‌కు జేసెషన్ఐడి అనే పేరే పెడుతుంది. బ్రౌజరు ఆ టోకెన్లను యంత్రం పేరును బట్టి దాచుకుంటుంది కానీ తలుపు నంబరును పట్టించుకోదు. 8081 ఇచ్చిన టోకెన్ మీద 8082 ఇచ్చినది వచ్చి కూచుంది. ముందు ద్వారంలో మూడింటికీ మూడు వేరు పేర్లు పెట్టగానే తగాదా తీరింది. అలా పేర్లు పెట్టే వీలు లేనివారు కాన్ఫ్‌లోని కాంటెక్స్ట్ ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఒక్కో కాపురపు టోకెన్‌కు ఒక్కో పేరు పెట్టుకోవచ్చు.

కప్పు మాత్రం ఒకటే

ఇదంతా విని మూడూ పూర్తిగా వేరు పడ్డాయని భ్రమపడకూడదు. పెద్దబాపు షెడ్డులో మోటార్లు నాలుగైనా కరెంటు పోతే నాలుగు సాంచాలూ నిలిచేవి. అలాగే యంత్రం పడితే మూడు టామ్‌క్యాట్లూ పడతాయి. డిస్కు నిండితే మూడూ ఇబ్బంది పడతాయి. మూడూ ఒకే డేటాబేసును అడిగితే అది అలిగిన రోజు మూడింటికీ పస్తే. అందుకని వేరు చేసిన తరువాత కూడా "ఇంకా ఏమేమి ఉమ్మడిగా మిగిలాయి?" అని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోవాలి. మేము రాసుకున్నాం. ప్రతి రాత్రీ డేటా నకలు ఒకటి వేరే ఊళ్లోని మరో యంత్రానికి పోయేలా ఏర్పాటు చేసింది ఆ కాగితం చూసే.

వేరు పెట్టడానికి ఇంకో కారణం కూడా వస్తుంది. టామ్‌క్యాట్ 10 నుంచి జావా సర్వర్ భాగాల పేర్లలో మొదటి మాట మారింది. జావాఎక్స్ అని ఉండేది జకార్తా అయింది. దానివల్ల 9 మీద నడిచే పాత అప్లికేషన్ 10 మీద ఉన్నదున్నట్టు నడవదు. పాతదానికి పాత ఇల్లు, కొత్తదానికి కొత్త ఇల్లు ఒకే యంత్రం మీద పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. ఈ కాలం పిల్లలు డాకర్ వంటి కంటెయినర్లలో ఒక్కో అప్లికేషన్‌ను పెట్టెలో పెట్టినట్టు పెడుతున్నారు. అది ఇంకా పక్కా ఏర్పాటు. కానీ అక్కడ కూడా ఎవరి తలుపు ఏది, ఎవరి రేషను ఎంత, ఉమ్మడి ఏది అనే మూడు ప్రశ్నలూ తప్పవు.

ఇక బరంపురం సోదరికి నా జవాబు. అమ్మా, అప్లికేషన్లు మూడు ఉన్నాయి కాబట్టి టామ్‌క్యాట్లు కూడా మూడే ఉండాలని లేదు. ప్రతి ఇన్‌స్టెన్సుకూ మెమొరీ ఖర్చు ఉంది, చూసుకునే మనిషికి శ్రమ ఉంది. ఒక్కో దాన్ని చూసి "ఇది పడితే దీనితో పాటు ఏది పడకూడదు?" అని అడగండి. పుస్తకాల పట్టిక, తెలుగు తరగతులు ఒక పూట నిలిచినా మర్నాడు చూసుకోవచ్చు. ఆ రెండూ ఒకే కాపురంలో సర్దుకుంటాయి. రుసుముల లెక్కలో డబ్బు ఉంది, గడువు ఉంది. దాన్ని వేరు పెట్టండి. యంత్రం ఒకటి, టామ్‌క్యాట్లు రెండు. అద్దె పెరగదు.

2024లో మళ్లీ ఆఖరి రోజు వచ్చింది. ఈసారి నేను ఎక్కడికీ పోకుండా ఇంట్లోనే కూచున్నాను. సాయంత్రం ఏడున్నరకు పరిచయ పట్టిక పడనే పడింది. ఈసారి ఫొటోలు కాదు, వేరే పొరపాటు. ఫోన్లు మోగాయి. సరిచేసి లేపడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ నేను పక్క తెర మీద వేతనాల దినచర్య తెరిచి పెట్టుకున్నాను. ఒకటొకటిగా దరఖాస్తులు వస్తూనే ఉన్నాయి. ఏ ఇంట్లో ఎవరి ఫోను అడిగి తీసుకుని నింపుతున్నారో నాకు తెలియదు. వాళ్లకు పక్కన ఏదో పడిందన్న సంగతి తెలియదు. తెలియకూడదు కూడా.

పెద్దబాపు ఇప్పుడు లేడు. ఆయన షెడ్డూ లేదు. ఉంటే ఆ రాత్రి ఆయనకు ఫోను చేసి ఒక్క సాంచె కూలే పోయిందని చెప్పేవాణ్ణి.

వచ్చే సంచికలో, వేరే ఊళ్లో దాచిన ఆ నకలు నిజంగా పనికొస్తుందా లేదా అని ఎలా పరీక్షించాలో చెప్పుకుందాం. మీ సందేహాలు రాస్తూ ఉండండి. అందాకా సెలవు.